సిరాబుడ్డి గుంటలో ఇంజను

పత్తికొండ,
20 సెప్టెంబరు 1955

చిరంజీవి హంపమ్మకు నీ చిన్నాయన గోపన్న దీవించి రాయించేది.

రాసేది నేను కాదు, బడి చాలించి ఇంట్లో కూర్చున్న మన నరసన్న అయివారు. నా కుడిచేయి సంగతి నీకు తెలుసు. వైశాఖంలో పంపు ఇంజను బెల్టులో పడి చూపుడువేలూ నడిమివేలూ పోయినాయి. మిగిలిన వేళ్లతో అన్నం ముద్ద పట్టుకుంటాండా గానీ కలం నిలవడం లేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని అయివారితో ఒప్పందం. ఆయన సొంత మాట దూరిస్తే బ్రాకెట్లో పెట్టాల.

పాపా, దీని వెనకాలే రిజిస్టరు పార్సిలు వస్తాది. కింద బట్ట పరుచుకొని విప్పు. లోపల ఉండేది నిమ్మకాయంత ఇంజను. దాని ముక్కుకు జానెడు కొయ్య రెక్క. యుద్ధం రోజుల్లో నేను బెంగుళూరు విమానాల షెడ్డులో పని చేసినప్పుడు నా పక్క బెంచీ దొర, వాళ్ల దేశానికి పోతా పోతా నా చేతిలో పెట్టిపోయినాడు. ఆటవిమానాలకు పెట్టే ఇంజను. ఆట అన్నానని ఆటగా చూడొద్దు. మన బావికాడి ఆయిలింజనుకు ఏమేమి ఉండాయో దీనికీ అన్నీ ఉండాయి.

సంగతేమంటే, కర్నూలు కాలేజీ వర్క్‌షాపుకు మేస్త్రీ కావాలంట. పోయి అడిగితిని. సైన్సు లెక్చరరు నా చేయి చూసినాడు. వేళ్లు లేనోడు ఏం చేస్తాడని మొగం మీద అనలేకపోయినాడు. "చూడప్పా గోపన్నా, నవంబరు పన్నెండున మా పిల్లోళ్లు మైదానంలో ఆటవిమానం ఎగరేస్తారు. వాళ్ల ఇంజను పగిలిపోయింది. నీ ఇంజను పెట్టి తిప్పి చూపించు, ఆ మీద మాట్లాడుదాం" అన్నాడు. ఈడ ఊళ్లో అప్పుడే "గోపన్న పనైపోయె" అంటాండారు. మూడు నెలలాయె, ఒక్కరూ బావికాడికి పిలవలేదు.

ఇంజను ఆరేండ్లు పెట్టెలో పడి బిగుసుకపోయింది. దానికి తాగించే మందులో ఈథరు కావాల. పత్తికొండలో దొరకదు. మీ కాన్వెంటు మందులగదిలో ఉండాదని నువ్వే ఒకసారి రాసింటివి. రెక్కను వేలితో కొట్టి తిప్పాల, నాకు ఆ వేలే లేదు. ఆరేండ్ల కిందట ఎద్దుల బేరగాడు చిన్న ఈరన్న ఒకసారి తిప్పి, రెక్క తిరగబడి కొడితే, ఈ పొద్దుకీ మా వీధిలోంచి రాకుండా చుట్టు తిరిగి పోతాడు. నువ్వు చినిగిన పుస్తకాన్ని పొద్దంతా కూర్చుని అంటించేదానివి. ఇదీ అట్లాంటి పనే. దీన్ని తిరిగేటట్టు చేసి నాకు పంపాల.

మందు కలిపే లెక్క: ఈథరు ఒక పాలు, కిరసనాయిలు ఒక పాలు, ఆముదం ఒక పాలు. పార్సిల్లో ఇంజను పక్కన సీసాలో ఉండేది మీ అవ్వ ఇంట్లో వండిన ఆముదం. బజారు ఆముదం ముట్టవద్దు.

(పిల్లను భయపెట్టవద్దని నేను చెబితే వినలేదు. — నరసన్న)

ఆశీస్సులతో,
చిన్నాయన


కడప,
27 సెప్టెంబరు 1955

చిన్నాయనకు,

పార్సిలు అందింది. సీసా పగల్లేదు.

ఇంజను అసలు కదల్లేదు. పాత ఆముదం లోపల బంకలా గడ్డకట్టింది. బలవంతం చేయలేదు. రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టి, తరువాత వేడినీళ్ల గిన్నెలో ఉంచి, బట్టతో పట్టుకుని రెక్కను అటూ ఇటూ ఆడించాను. మూడోరోజు అది వెంట్రుకవాసి కదిలింది. నేను గట్టిగా అరిచానట. ఈ కాన్వెంటులో నేను అరవగా ఎవరూ వినలేదు. చదువుకున్నప్పుడూ లేదు, టీచరుగా చేరిన ఈ రెండేళ్లలోనూ లేదు. పాము వచ్చిందనుకుని మదర్ గారు కర్ర పట్టుకుని వచ్చారు.

పాము కాకపోయేసరికి ఆమె కొంచెం నిరాశపడినట్టు అనిపించింది. విషయమంతా చెప్పాను. ఒకే ఊపిరిలో అంతసేపు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. చాకిరేవు వెనక పాత సామాన్ల గదిలో, సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా, పిల్లలు ఆటల్లో ఉన్నప్పుడు చేసుకోమన్నారు.

మందులగది సిస్టర్ ఆగ్నెస్ ఈథరు ఒక్కొక్క ఔన్సు కొలిచి ఇస్తానన్నారు. "అగ్గి ఉన్నచోట మూత తీశావంటే నిన్ను చీపురుతో ఊడ్చి తేవాలి" అన్నారు. ఆయా లక్ష్మక్క ఆ మాట విన్నప్పటి నుంచి నన్ను చూస్తే నాలుగు అడుగులు దూరం జరుగుతోంది.

ఇంజను దేనికి బిగించాలా అని వెతికాను. సామాన్ల గదిలో చిన్నతరగతుల పాత రాతబల్లలు ఉన్నాయి. సిరాబుడ్డి పెట్టే గుంటలో ఇంజను పొట్ట సరిగ్గా పట్టింది. రెండువైపులా మరలు బిగించాను. బల్ల కదలకుండా మీద ఇటుకలు పేర్చాను.

సూది ఎన్ని చుట్లు తెరవాలి? పైన ఉన్న మర ఎంతవరకు బిగించాలి? రాయండి. అవ్వకు నా నమస్కారం చెప్పండి.

హంపమ్మ


పత్తికొండ,
1 అక్టోబరు 1955

పాపా,

కదిలిందా! నీ ఉత్తరం అయివారు చదివితే నేను లేచి నిలబడితిని. మీ అవ్వ "ఏమైందిరా, తేలు కుట్టిందా" అనె.

విను. సూది మందును కొలిచి పంపుతాది. రెండున్నర చుట్లు తెరువు. పైన మర లోపలి గాలిని ఎంత నొక్కాలో చెప్తాది. మన నిమ్మకాయ ఇంజనుకు నిప్పురవ్వ లేదు. గాలిని నొక్కితే పుట్టే వేడికే మందు అంటుకుంటాది. మర తక్కువైతే అంటుకోదు, ఎక్కువైతే ఎదురుదెబ్బ కొడతాది. గాలి పీల్చే బొక్కకు వేలు అడ్డం పెట్టి రెక్కను రెండుసార్లు మెల్లగా తిప్పు, మందు లోపలికి పోతాది. ఆ మీద గట్టిగా ఒక కొట్టు కొట్టి చేయి లాక్కో. కొట్టినాక చేయి ఆడనే పెట్టుకొని చూసేది చిన్న ఈరన్న పని.

ఎట్ల మోగిందో నాకు రాయి. అక్షరం విడవకుండా రాయి. నాకు వేలు లేదు గానీ చెవి ఉండాది. నువ్వు చప్పుడు రాయి, నేను ఈడినుంచి మర తిప్పుతా.

(చప్పుళ్లను అక్షరాల్లో రాయడం వ్యాకరణంలో ఉంది. కావాలంటే సహాయం చేస్తాను. — నరసన్న)

చిన్నాయన


కడప,
8 అక్టోబరు 1955

చిన్నాయనా,

అంటుకుంది! కానీ ఆగిపోయింది. ముందు అంటుకున్న సంగతి చెబుతాను.

సోమ, మంగళవారాలు వంద కొట్లు కొట్టి ఉంటాను. ఒక్క ఉలుకూ లేదు. బుధవారం మర ఒక పావు చుట్టు బిగించాను. రెక్క వెనక్కి తన్నింది. నా గోరు నల్లబడింది కానీ నాకు సంతోషమే వేసింది. ప్రాణం ఉంటేనే కదా తన్నుతుంది. మర అందులో సగం వదులు చేశాను. పదకొండో కొట్టుకు "పట్", ఆగి, "పట్ పట్", ఆపైన "బర్ ర్ ర్" మని రెక్క కనిపించకుండా పోయింది. గాలి నా మొహాన కొట్టింది. నాలుగు అంకెలు లెక్కపెట్టాను. ముసలాయన దగ్గినట్టు "ఖళ్ ఖళ్" అని రెండుసార్లు అని ఆగింది.

ఆ తరువాత ఎన్నిసార్లు తిప్పినా ఇదే వరస. నాలుగు అంకెలు, రెండు దగ్గులు. సూది అరచుట్టు ఎక్కువ తెరిచాను, తక్కువ తెరిచాను. తేడా లేదు. ఒకసారి ఆరు అంకెల దాకా పోయింది. ఆనందం పట్టలేక కిటికీలోంచి బయటికి చూసి ఎవరికైనా చెబుదామనుకున్నాను. ఎవరూ లేరు.

నా బట్టలకు ఈథరు వాసన పోవడం లేదు. రోజూ మందులగదికి వెళ్లడం చూసి నాకు ఒంట్లో బాగాలేదని పిల్లలు అనుకుంటున్నారు. మూడో తరగతి వాళ్లు నాకోసం ప్రార్థన చేశారు. వద్దని చెప్పలేకపోయాను.

దగ్గు ఎందుకు వస్తోంది?

హంపమ్మ


పత్తికొండ,
12 అక్టోబరు 1955

పాపా,

నీకు ఒళ్లు బాగలేదా? ఈథరంటే కోత కోసేముందు వాసన చూపి మనిషిని పండబెట్టే మందని ఎవరో మీ అవ్వకు చెప్పినారు. అయివారు నీ ఉత్తరంలో 'రోజూ మందులగది' అని చదివిన కాడనే ఆమె లేచిపోయి దేవునికి ముడుపు కట్టి వచ్చె. "ఇంజను మన్నుగాను, నా మనవరాలిని కోస్తాండారు" అని ఒకటే ఏడుపు. నేను గొంతు చించుకొని చెప్పినా నమ్మలేదు. ఇందులో విభూతి పొట్లం ఉండాది. పెట్టుకో. కొంచెం ఇంజనుకూ పెట్టు.

దగ్గు సంగతి. తప్పు నీదే. వేడెక్కినాక మర వదులు చేయాల. చల్లగున్నప్పటి బిగువు వేడిమీద ఎక్కువైతాది. నీకు భయం, చేయి దగ్గరికి పెట్టవు. అందుకే దగ్గుతాంది. తిరిగేటప్పుడే మర పట్టుకొని తిప్పాల. ఇంజను దగ్గర సిగ్గుపడితే ఎట్ల? అది నిన్ను పెండ్లిచూపులు చూడను రాలేదు.

ఇంక నెల దినాలే ఉండాది.

(ఈ చివరి పోలిక నాకు నచ్చలేదని నమోదు చేయాలి. — నరసన్న)

చిన్నాయన


కడప,
17 అక్టోబరు 1955

చిన్నాయనకు,

నేను క్షేమంగా ఉన్నాను. నన్ను ఎవరూ కోయలేదు. అవ్వకు ఈ వాక్యం రెండుసార్లు చదివి వినిపించమని నరసన్న అయివారిని కోరుతున్నాను.

నేను చేయి దగ్గరికి పెట్టనని రాశారు. నా మణికట్టు మీద మూడు కాట్లు ఉన్నాయి. ఇంజను తిరిగే ఆ నాలుగు అంకెల్లోనే మర పట్టుకుని వదులు చేశాను, బిగించాను. పావుచుట్టుకు ఒకసారి చొప్పున పుస్తకంలో గీతలు గీసి రాసుకున్నాను. ఎనభై రెండుసార్లు అంటుకుంది. ఎనభై రెండుసార్లూ దగ్గింది. తప్పు మరలో లేదు.

ఇప్పుడు ఎలా రాయాలో తెలియని సంగతి ఒకటి. లక్ష్మక్క నిన్న ఇంట్లో దీపానికి నూనె లేదంటే, అవ్వ సీసాలోంచి రెండు గరిటెలు ఇచ్చాను. పొద్దున వచ్చి చేతులు తిప్పుతూ అన్నది: "ఏం ఆముదమమ్మా అది! వత్తి ఎలిగిస్తే ఒకటే చిటపట, చిటపట. నా మనవడు టపాకాయలని గంతులేసినాడు. నీళ్లు కలిపిండారు పో. మీ ఊరోళ్లు శానా తెలివైనోళ్లు!"

మా అవ్వ నీళ్లు కలపదని చెప్పాను. గొంతు పెద్దగానే చెప్పాను. అయినా సీసా తీసుకుని సామాన్ల గదికి పోయి, ఈథరుకు దూరంగా, వత్తి ముంచి వెలిగించి చూశాను. చిటపటలాడింది.

ఇంజను దగ్గూ ఆ చిటపటా ఒకటేనేమోనని నా అనుమానం. ఒక్కసారి బజారు గానుగ ఆముదం పోసి చూడనా? మీరు సరేనంటేనే.

హంపమ్మ


పత్తికొండ,
21 అక్టోబరు 1955

హంపమ్మకు,

నా తల్లి హనుమంతమ్మ యాభై ఏండ్లుగా ఆముదం వండుతాంది. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో బాలింతకు కావాలన్నా, పసిబిడ్డ మాడుకు కావాలన్నా, చెంబు పట్టుకొని మా గడపకే వస్తారు. ఆమె ఆముదంలో నీళ్లు కలిపిందని కడప ఆయమ్మ చెబితే నువ్వు కాగితం మీద పెట్టి నాకు పంపితివి.

ఈ ఉత్తరం చదివేటప్పుడు ఆమె తలుపు చాటున నిలబడి వినె. పొయ్యి కాడికి పోయి కూర్చుండె. రాగిసంగటి ముద్ద ముట్టలేదు.

బజారు ఆముదం పోసేటట్టుంటే ఇంజను తిరిగి పంపు. కాలేజీ పని లేకపోతే పోయె.

గోపన్న

(ఈ ఉత్తరం రేపు పంపుదామన్నాను. వినలేదు. — నరసన్న)


పత్తికొండ,
23 అక్టోబరు 1955
(కార్డు)

పాపా, మొన్న పంపిన ఉత్తరం నీకు చేరకముందే ఈ కార్డు చేరాలని దేవుణ్ణి మొక్కుకుంటాండా.

మీ అవ్వ సంగటి మాని కూర్చున్నది అలిగి కాదు, ఆలోచన చేసి. నిన్న పొద్దుగూకి ఇంట్లో మిగిలిన ఆముదంలో వత్తి వేసి ఎలిగించె. చిటపటమనె. నన్ను పిలిచె. "ఒరే గోపన్నా, ఈ కుండ పొయ్యి మీదినుంచి దించింది ఎవరు?" అనె.

దించింది నేనే. గింజలు వేయించి దంచి నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన ఆముదం వేరే కుండలోకి తీసి, నీరంతా ఇగిరేదాకా మళ్లీ కాగబెట్టాల. ఆ పొద్దు ఈరక్క కోడలికి నొప్పులొస్తాండాయని పిలిస్తే అవ్వ పాయె. "బుడగలు ఆగినాక దించు" అని చెప్పి పాయె. పోస్టాఫీసు మూసే టైమాయెనని నేను బుడగలుండంగానే దించి సీసాకు పోసితిని. ఇరవై ఏండ్లు ఇంజన్ల మందులో చుక్క నీరుంటే చుట్టుపక్కల పదిమందిని తిట్టినోణ్ణి.

అవ్వ చెప్పమన్న మాట: "అది నా ఆముదం కాదు, వీని ఆముదం. మళ్లీ కాచుకోమను పాపను. నురుగు పోయి, బుడగ ఆగి, వత్తి నోరు మూసుకొని ఎలగాల." ఆ ఆయమ్మ లక్ష్మక్కకు నా దండాలు చెప్పు.

చిన్నాయన


కడప,
31 అక్టోబరు 1955

చిన్నాయనా!

తిరిగింది! ఆగలేదు! మందు అయిపోయేదాకా తిరిగింది! రెండు నిమిషాల పది సెకన్లు, బడిగంట గడియారం ప్రకారం.

మీ కోపం ఉత్తరం, కార్డు ఒకే రోజు వచ్చాయి. అదృష్టం కొద్దీ కార్డే ముందు చదివాను. ఉత్తరం పెట్టెలో దాచాను. ఇంకా చదవలేదు, చదవను.

ఆముదాన్ని వంటింట్లో లక్ష్మక్క, నేను మళ్లీ కాచాం. నురుగు తెల్లగా పొంగి, ముప్పావు గంటకు అణిగింది. వత్తి వేశాం. దీపం బుద్ధిమంతురాల్లా వెలిగింది. "ఇప్పుడు ఇది ఆముదం!" అని లక్ష్మక్క తనే వండినట్టు నడుం మీద చేతులు పెట్టుకుంది. రెండు రోజులు చల్లారనిచ్చి కొత్త మందు కలిపాను.

శనివారం నాలుగు ముప్పావు. మూడో కొట్టుకు అంటుకుంది. నాలుగు లెక్కపెట్టాను. ఐదు, ఆరు, ఏడు. దగ్గు రాలేదు. ఇరవై దాకా లెక్కపెట్టి తరువాత మరిచిపోయాను. వేడెక్కాక చప్పుడు బరువెక్కింది, బండి ఎత్తు ఎక్కుతున్నట్టు. మీరు చెప్పింది గుర్తొచ్చి మర కొంచెం వదులు చేశాను, పావులో సగం. తేలికపడింది. అప్పుడు సూదిని మెల్లగా మూసుకుంటూ వచ్చాను. చప్పుడు సన్నబడి, సన్నబడి, ముక్కలన్నీ కలిసి ఒకే దారమైంది. బ్లేడుతో పట్టుబట్ట చీల్చినట్టు ఒకే గీత. ఇంకా ఇసుమంత మూస్తే ఆగిపోతుందని నాకు ఎలా తెలిసిందో తెలియదు. తెలిసింది. అక్కడే వదిలేశాను.

బల్ల మీది ఇటుకలు నాట్యం చేశాయి. పిల్లలందరూ ఆటలు మాని కిటికీకి వేలాడారు. సిస్టర్ ఆగ్నెస్ రెండు చెవులూ మూసుకుని నవ్వుతున్నారు. నా చీర కుచ్చిళ్ల నిండా ఆముదం. మదర్ గారు వచ్చి, అది ఆగేదాకా నిలబడి, "ఇంత చిన్నదానికి ఇంత గొంతు ఎక్కడిది?" అన్నారు. ఇంజను సంగతే అనుకుంటాను.

చిన్నాయనా, ఒక సంగతి దాచాను. ఇన్నాళ్లూ ఇంజను తిప్పింది నా ఎడమచేయి. నేను పుట్టుకతో పుర్రచేతిదాన్ని. రెండో తరగతిలో అప్పటి సిస్టర్ ఒకరు నా ఎడమచేతిని రిబ్బనుతో బల్లకు కట్టి కుడిచేత్తో రాయించారు. ఏడాది కట్టారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కుడిచేయి రాయడం నేర్చుకుంది కానీ రెక్కను కొట్టడం దానికి రాలేదు. ఎడమచేతికి మొదటి రోజే వచ్చింది.

కుడిచేత్తో అయితే ఇంజను వెనక నిలబడాలి. ఎడమచేత్తో అయితే ఎదుట నిలబడి, వేలు కిందికి కొట్టి, చేయి ఒళ్లోకి లాక్కోవాలి. మీ ఎడమచేతికి ఐదు వేళ్లూ ఉన్నాయి.

హంపమ్మ


పత్తికొండ,
4 నవంబరు 1955

నా బంగారు పాపకు,

నీ ఉత్తరం అయివారు మూడుసార్లు చదివినాడు. ఆ ఒకే దారమన్న కాడ రెండుసార్లు ఎక్కువ చదివించుకుంటిని. పాపా, ఆ చప్పుడు నేను ఈడ కూర్చుని వింటిని. అది దొరికినంక ఇంజను గురించి నీకు చెప్పేదానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. మీ అవ్వ టమేటా సంతలో కనిపించినోళ్లందరికీ "నా ఆముదంతో విమానం ఎగురుతాది" అని చెప్పొచ్చె. నా పేరు ఎత్తలేదు.

పుర్రచేయి సంగతి విని మాత్రం మనసు కలుక్కుమనె. చిన్నప్పుడు నువ్వు సంగటికి ఎడమచేయి చాపితే నేనే ఒకసారి దెబ్బేసినట్టు గురుతు. ఆ మాట ఇప్పుడు అనుకొని ఏం లాభం.

ఇంక పన్నెండో తారీఖు మాట. నువ్వు కర్నూలుకు రా. నువ్వు తిప్పు, నేను మర సరిచేస్తా. ఎడమచేత్తో తిప్పమని నాకు చెప్పొద్దు. నాకు పని నేర్పిన మేస్త్రీ, ఎడమచేత్తో స్పానరు ఇచ్చినా విసిరికొట్టేవాడు. ఆయుధపూజ నాడు కుడిచేత్తో బొట్టు పెట్టిన మిషను మీద ఎడమచేయి వేస్తే ఎట్ల? పదిమందిలో నాకు తలవంపు. నువ్వు చిన్నపిల్లవు, నిన్ను ఎవరూ అనరు.

(నా బస్సు ఖర్చు ఈయన పెట్టుకుంటే నేనూ వస్తాను, నాకూ చూడాలని ఉంది. — నరసన్న)

చిన్నాయన


కడప,
7 నవంబరు 1955

చిన్నాయనకు,

ఇంజను పార్సిలులో పంపాను. కాచిన ఆముదం వేరే సీసాలో ఉంది. మూతకు మైనం పెట్టాను. ఈథరు పోస్టులో పంపనివ్వరు. కాలేజీ ప్రయోగశాలలో అడగండి. మర దగ్గర ఎర్రదారం కట్టిన చోటు చల్లని ఇంజనుకు. వేడెక్కాక అక్కడినుంచి పావులో సగం వదులు. సూది రెండుంపావు.

నేను రావడం లేదు. అర్ధసంవత్సరం పరీక్షల కాగితాలు దిద్దాలి. అదొక్కటే కాదు, అబద్ధం ఎందుకు, అంతమంది ఎదుట నేను నిలబడలేను.

పార్సిలు అందిన రోజు నుంచి మందు లేకుండా ఉత్త రెక్కను రోజుకు రెండు వందలసార్లు ఎడమచేత్తో తిప్పండి. మొదటి రోజు చేయి వినదు. రెండోరోజు వింటుంది. నా చేతిని ఏడాది కట్టేసినా పని మరిచిపోలేదు. మీ చేతిని ఎవరూ కట్టేయలేదు.

హంపమ్మ


పత్తికొండ,
10 నవంబరు 1955
(కార్డు)

ఇంజను చేరింది. నువ్వు రానంటివి. బావిలోకి దింపి తాడు వదిలినట్టు చేస్తివి. సిగ్గు, సిగ్గు అని ఎంతకాలం తలుపు చాటున ఉంటావు? రేపు బస్సెక్కుతాండా. అయివారిని తీసుకపోయేదానికి లేదు, ఆయనకు జొరం.

(జ్వరమే. కానీ ఈయన నిన్నటి నుంచి గొడ్లపాకలో కూర్చుని రెక్క తిప్పుతున్నాడు. ఏ చేత్తోనో చెప్పవద్దన్నాడు. — నరసన్న)


కర్నూలు,
13 నవంబరు 1955

పాపకు,

రాసేది నేనే. ఎడమచేత్తో. అక్షరాలు కోడి గీరినట్టుంటే ఓర్చుకో. అయివారు లేడు కాబట్టి బ్రాకెట్లు లేవు.

తిరిగింది. నేనే తిప్పితిని. నిన్న మూడు గంటలకు. మైదానం నిండా జనం. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి గుడారాల్లో ఉండే గవర్నమెంటు ఆఫీసుల గుమాస్తాలు కూడా లేచి వచ్చిరి. పిల్లోళ్లు విమానాన్ని మేజా మీద పట్టుకొనిరి. లెక్చరరు "నీ మనిషి యాడ గోపన్నా, తిప్పేది ఎవరు?" అనె. "నేనే సార్" అంటిని. ఎదుట నిలబడితిని. వెనకాల ఎవడో "పుర్రచేయి రోయ్!" అని నవ్వె.

ఎడమచేత్తో ఒకే దెబ్బ. ఒకే దెబ్బకు అంటుకుండె! మర వదులు చేస్తిని, సూది మూస్తిని. దారం దొరికింది పాపా. నువ్వు రాసిన దారమే. నడుమ నిలబడిన పిల్లోడు చేత పట్టుకున్న రెండు తీగల కొసన విమానం గాల్లో తొమ్మిది చుట్లు తిరిగె. పిల్లోళ్లు నన్ను ఎత్తుకోబోతే వద్దంటిని.

లెక్చరరు నా ఎడమచేయి పట్టుకొని ఊపినాడు. ఒకటో తారీఖు నుంచి పనిలోకి రమ్మన్నాడు.

కార్డులో తిట్టినందుకు మనసులో పెట్టుకోవద్దు. నువ్వు ఉండుంటే బాగుండు. అదొక్కటే లోటు.

నీ చిన్నాయన
గోపన్న


కడప,
17 నవంబరు 1955

చిన్నాయనా,

మీ కార్డు, ఉత్తరం రెండూ చదివాను. కార్డు పన్నెండునే వచ్చిందట. నేను చూసింది పద్నాలుగున, కర్నూలు నుంచి తిరిగి వచ్చాక.

అవును, వచ్చాను. మీకు రానని రాసిన రోజే మదర్ గారిని సెలవు అడిగాను. శుక్రవారం సాయంత్రం బస్సు ఎక్కాం, లక్ష్మక్క తోడు. ఆడవాళ్లకు తాడు కట్టిన చోట, రెండో వరసలో నిలబడ్డాను. సంచిలో ఇంకో సీసా మందు, ఒక స్పానరు పెట్టుకున్నాను. మీకు చేతకాకపోతే తాడు దాటి రావాలని అనుకున్నాను. దాటగలనో లేదో నాకు తెలియదు. కానీ నేను ముందే మీ పక్కన నిలబడితే ఆ లెక్చరరు నా చేతిని చూసేవారు. ఆయన చూడవలసింది మీ చేతిని.

మీరు ఒకసారి జనం వైపు తిరిగి చూశారు. నాకోసమేమోనని లక్ష్మక్క వెనక్కి జరిగాను. మీరు చూసింది ఎవరైనా బీడీ కాలుస్తున్నారేమోనని. ఒకాయన చేత ఆర్పించాక గానీ మందు పోయలేదు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

"ఆయప్ప ఎవురమ్మా, అచ్చం నీ మాదిరే కొడతాండాడు" అన్నది లక్ష్మక్క. మా చిన్నాయన అని చెప్పాను. అంతటితో ఊరుకోక ముందు వరసలో ఆడవాళ్లకు కూడా చెప్పాను. వాళ్లు అడగలేదు.

మీరు ఒకే దెబ్బకు అని రాశారు. నాలుగు, చిన్నాయనా. నేను లెక్కపెట్టాను. మొదటి రెండూ ఉత్తవి. మూడోదీ అంతే, మీరు సూది తెరవడమే మరిచిపోయారు. నేను అరవబోయి చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. మీరు వంగి ఇంజనుకు చెవి ఆనించినంత పని చేసి, సూది మీద చేయి వేసి, రెండుంపావు తిప్పారు. నాలుగో దెబ్బ. అప్పుడు మాత్రం కొంగు తీసి అరిచాను. మైదానమంతా అరుస్తోంది కాబట్టి మీకు వినిపించి ఉండదు.

ఇది నేనూ ఎడమచేత్తోనే రాస్తున్నాను. మీ అక్షరాలే నయం.

అవ్వకు మాత్రం ఒకే దెబ్బకనే చెప్పండి. నేనూ అదే చెబుతాను.

హంపమ్మ